యుద్ధం నడుస్తుంటే నాయకుణ్ని అడగొద్దా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే గొడవ చుట్టూ తిరిగాయి. అందుకే ఆస్తి తగాదాలు, మోకాళ్ల నొప్పులు వచ్చే సంచికకు వాయిదా వేసి ఈ నాలుగింటికే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: సార్, మా బావగారి కొడుకు డాలస్‌లో ఉంటాడు, మూడేళ్ల కింద అమెరికా సిటిజన్ అయ్యాడు. మొన్న నయీంనగర్‌లో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి అందరూ వచ్చారు. భోజనాల దగ్గర యుద్ధం మాట వచ్చింది. "2003ల ఇరాక్ మీదికి పోయినప్పుడు అమెరికాల శానమందికి ఇష్టం లేకుండె. మొదలైనంక అందరు బుష్ ఎనుక నిలబడ్డరు. దేశభక్తి అంటే గది" అన్నాడు బావ. మా అమ్మాయి ఊకుంటే కదా, "తప్పు చేస్తుంటే ఎనుక నిలబడుడేంది మామయ్యా" అంది. "యుద్ధం అయినంక అడుగు, నడుస్తుంటే అడిగేటోడు శత్రువు దిక్కే" అని బావ విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అప్పటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు. వచ్చే నెల మా చిన్నోడి పెళ్లి. ఎవరిది కరెక్ట్? — పేరు రాయొద్దన్న పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు పెళ్లి సంగతి. కార్డు వాట్సాప్‌లో పంపకండి, మీరూ మీ ఆవిడా కలిసి వెళ్లి బొట్టు పెట్టి పిలిచి రండి, అక్క ఇంటికి పోవడానికి సిగ్గేంది. అమ్మాయిని కూడా తీసుకుపోండి. కానీ ఆమెతో సారీ మాత్రం చెప్పించకండి.

మీ బావగారి మాటలో నిజం లేకపోలేదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత గ్యాలప్ సర్వేలో బుష్‌కు 90 శాతం మద్దతు కనబడింది. తర్వాత దిగుతూ వచ్చి, 2003 మార్చిలో ఇరాక్ మీద బాంబులు పడగానే మళ్లీ 71కి ఎక్కింది. యుద్ధం రాగానే జనం నాయకుడి చుట్టూ చేరడం చాలా దేశాల్లో చూసిందే. పేచీ అంతా ఆ 'అందరు' అన్న మాటతోనే. 2002 అక్టోబర్‌లో యుద్ధానికి అనుమతి అడిగినప్పుడే ప్రతినిధుల సభలో 133 మంది, సెనేట్‌లో 23 మంది వద్దని ఓటేశారు. 2003 ఫిబ్రవరి 15న లండన్, రోమ్, న్యూయార్క్ లాంటి ఊళ్లలో లక్షల మంది రోడ్ల మీదికొచ్చారు. బ్రిటన్‌లో రాబిన్ కుక్ అనే సీనియర్ మంత్రి దాడికి మూడు రోజుల ముందు పదవి వదిలేసి, ఎందుకు వదిలేశాడో సభలో నిలబడి చెప్పాడు. ప్రధాని టోనీ బ్లెయిర్ ఆయన సొంత పార్టీ మనిషే.

ఆ మార్చి 20 నాకు బాగా గుర్తు. హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక చాయ్ హోటల్లో పాత టీవీ ఉండేది. అదే రోజు డర్బన్‌లో వరల్డ్ కప్ సెమీఫైనల్, మనకూ కెన్యాకూ. ఓవర్ అయిపోగానే హోటలాయన చానల్ మార్చేవాడు, బాగ్దాద్ మీద పొగ, మళ్లీ ఇటు తిప్పితే గంగూలీ. గంగూలీ సెంచరీ కొట్టేసరికి హోటలంతా లేచి అరిచింది, అప్పుడు బాగ్దాద్ ఎవరికీ గుర్తు లేదు, నాకూ లేదు, అబద్ధమెందుకు. మూలకు కూచున్న ముసలాయన ఒకరు, ఆజంజాహి మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, గ్లాసు కింద పెట్టి "గా ఊళ్లె కరెంటు పోయిందో ఏమో, పోరగాండ్లు ఎట్ల పండుకుంటరో" అన్నాడు. బుష్‌ది రైటా సద్దాందా అని ఆయన అడగలేదు. మేమెవరం ఆ మాట పట్టించుకోలేదు కూడా.

యుద్ధానికి చెప్పిన కారణం ఏమిటి? సద్దాం దగ్గర రసాయన, జీవాయుధాలు దాచి ఉన్నాయని. ఫిబ్రవరి 5న అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ భద్రతా మండలిలో చిన్న సీసా ఒకటి చేత్తో పట్టుకుని, ఇంత ఆంత్రాక్స్ ఉంటే చాలు ఎంత నష్టమో చూడండన్నట్టు చూపించాడు. తర్వాత ఏడాదికి పైగా ఇసుక తవ్వి వెతికారు. 2004లో అమెరికా పంపిన తనిఖీ బృందమే అలాంటి నిల్వలేవీ లేవని రాసిచ్చింది. మొత్తం మీద 4,400 మందికి పైగా అమెరికా సైనికులు పోయారు, ఇరాక్ జనం లక్షకు పైనే. 2008 అక్టోబర్ వచ్చేసరికి అదే గ్యాలప్‌లో బుష్ మద్దతు 25 శాతం. అంటే మీ బావగారు చెప్పిన 'వెనుక నిలబడ్డవాళ్లలో' చాలామంది తర్వాత పక్కకు జరిగారన్నమాట. యుద్ధం అయినంక అడగడం అంటే ఇదే, అడిగేసరికి పోయినవాళ్లు పోయారు.

మీ బావగారు ఘోషయాత్ర కథ కూడా ఎత్తుతారు, ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు ఎత్తకుండా ఉండరు. గంధర్వులు దుర్యోధనుణ్ని పట్టుకుపోతే ధర్మరాజు, మనలో మనకు వాళ్లు నూరుగురు మనం ఐదుగురం, బయటివాడు వస్తే నూట ఐదుగురం అంటాడు కదా, అది. మంచి మాటే. కానీ అదే భారతంలో వికర్ణుడు కూడా ఉన్నాడు. కౌరవుల్లో ఒకడు, నిండు సభలో ద్రౌపది పక్షాన లేచి ఇది అన్యాయమని సొంత అన్న ముఖం మీదే అన్నాడు, కర్ణుడు కసిరి కూచోబెట్టాడు. తర్వాత యుద్ధం వస్తే ఆ వికర్ణుడే అన్న పక్షాన నిలబడి పోరాడి చచ్చిపోయాడు. అడిగినవాడు శత్రువు దిక్కు అనేవాళ్లు ఈయన్ని ఏ దిక్కున పెడతారో నాకు అర్థం కాదు. (ఆయన అటు వైపు పోరాడటం సరైనదా కాదా అంటే అది ఇంకో రాత్రి గొడవ.)

అమెరికా సంగతి అటుంచి మన ఇంటికొద్దాం. 1962 అక్టోబర్ 20న చైనా దాడి మొదలైంది. అప్పటికి నలభై కూడా నిండని రాజ్యసభ సభ్యుడు వాజ్‌పేయి, పార్లమెంటును పిలవండి అన్నాడు. నెహ్రూ పిలిచాడు, నవంబర్ 8న సభ మొదలైంది. ఒక సభ్యుడు తలుపులు మూసి రహస్యంగా మాట్లాడుకుందాం అంటే నెహ్రూ ఒప్పుకోలేదు. అటు యుద్ధం నడుస్తూనే ఉంది, ఇటు సభలో ప్రధానిని కడిగి పారేశారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ పదవి పోయింది, అదీ సొంత పార్టీ వాళ్లు పట్టుబట్టడం వల్లే. ఆ రోజుల్లోనే దేశమంతా ఆడవాళ్లు గాజులూ గొలుసులూ తీసి రక్షణ నిధికి ఇచ్చారు. చేతి గాజు తీసి ఇచ్చిన ఇల్లే, ఇంత చలిలో మన సిపాయిలకు సరైన బట్టలు ఎందుకు లేవని కూడా అడిగింది.

ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి గుర్తుండదు. చైనా నవంబర్ 21న కాల్పుల విరమణ ప్రకటించింది. యుద్ధం నెల రోజులు. దాని కోసం అక్టోబర్ 26న పెట్టిన ఎమర్జెన్సీని ఎప్పుడు తీశారు? 1968 జనవరిలో. ఐదేళ్లు దాటి. 1971 యుద్ధమైతే డిసెంబర్ 3 నుంచి 16 దాకా, పద్నాలుగు రోజులు కూడా సరిగా లేదు. ఆ పేరు మీద పెట్టిన ఎమర్జెన్సీ 1977 మార్చి దాకా అలాగే ఉంది, అది నడుస్తుండగానే దాని మీద 1975 జూన్‌లో ఇంకోటి వచ్చి పడింది. నాకు ఇది మన చేబదులు సంగతిలా అనిపిస్తుంది. పక్కింటాయన ఆపదలో ఉండి అడిగితే కాగితం లేకుండా ఇస్తాం, ఇవ్వాలి కూడా, ఆ టైంలో వడ్డీ లెక్కలు మాట్లాడితే మనిషే కాదు. కానీ ఎప్పుడిస్తావని ఒక్క మాట అడగకపోతే ఆ డబ్బు రాదు, వరంగల్‌లో పుట్టి పెరిగిన ఎవరికైనా తెలుసు. 1971లో ఇందిరాగాంధీకి ప్రతిపక్షాలు మద్దతిచ్చాయి, సరైన పనే చేశాయి. గడువు ఎవరూ అడగలేదు. చివరికి ఆ బాకీ 1977 ఎన్నికల్లో జనమే వసూలు చేయాల్సి వచ్చింది. మరుసటి ఏడు, 1978 అసెంబ్లీ ఎన్నికల్లో, మన కాళోజీ ముఖ్యమంత్రి వెంగళరావు మీద సత్తుపల్లికి పోయి మరీ నిలబడ్డాడు. ఓడిపోయాడు, అయితేనేం.

ఇదంతా చెప్పి నాయకుణ్ని ఎప్పుడూ ఇరుకున పెట్టాలని నేననడం లేదు. మన గడప తొక్కిన యుద్ధం వేరు, ఏడు సముద్రాల అవతలి దేశం మీదికి మనమే పోయే యుద్ధం వేరు. మొదటిదాంట్లో ముందు నిలబడు, నిలబడి అడుగు. రెండోదాంట్లో ముందు అడుగు, జవాబు నచ్చితేనే నిలబడు. నా లెక్క ఇదీ. అలాగే బెటాలియన్ ఎటు పోతోంది, ఏ విమానం ఎక్కడ ఉంది లాంటివి అడిగేవి కావు, ఫోన్లో వీడియో తీసి పెట్టేవి అసలే కావు. మన నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టిన పీవీ, 1994లో కశ్మీర్ విషయం జెనీవాలో చర్చకు వస్తే మన బృందానికి నాయకుడిగా ఎవర్ని పంపాడు? ప్రతిపక్ష నేత వాజ్‌పేయిని. మొన్న 2025లో ఆపరేషన్ సిందూర్ తర్వాత విదేశాలకు పోయిన ఎంపీల్లో హైదరాబాద్ ఎంపీ ఒవైసీ ఉన్నాడు. ఈ ప్రభుత్వాన్ని ఆయన ఎంత విమర్శిస్తాడో చెప్పే పని లేదు.

డాలస్ అల్లుడి కోసం ఒక్కటి రాస్తాను, బావగారికి చెప్పండి. 1918 మేలో మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్, అధ్యక్షుణ్ని విమర్శించకూడదనడం, తప్పో ఒప్పో ఆయన వెనుకే నిలబడాలనడం దేశానికి ద్రోహం చేయడమేనన్న అర్థంలో పత్రికలో రాశాడు. ఆయన యుద్ధానికి వ్యతిరేకి కాడు, గట్టిగా కావాలన్న మనిషి. నలుగురు కొడుకులూ సైన్యంలో ఉన్నారు. రెండు నెలలకు చిన్న కొడుకు క్వెంటిన్ ఫ్రాన్స్ మీద విమానం కూలి చనిపోయాడు. శత్రువు దిక్కు అంటే ఆయన్ని కూడా అనాలి మరి.

ప్రశ్న: నేను రిటైర్డ్ హవల్దార్‌ను. శ్రీలంకలో శాంతి సేనలో పనిచేశాను. మేము అక్కడ ప్రాణాలకు తెగించి ఉంటే ఇక్కడ ఎందుకు పోయారు, ఎవరు పొమ్మన్నారు అని మాటలు. మా వాళ్లు తిరిగి మద్రాసుకు వస్తే ముఖ్యమంత్రే స్వాగతానికి రాలేదు. అది ఇప్పటికీ మనసులో ఉంది. మీలాంటి వాళ్లు కాలు మీద కాలేసుకుని ప్రశ్నలు వేస్తే జవాను మనోధైర్యం ఏం కావాలి? — పరకాల నుంచి

జవాబు: అన్నా, మీ కోపం న్యాయమైనది. 1987 జూలైలో ఒప్పందం మీద సంతకం అయిన మర్నాడే మిమ్మల్ని దింపారు. 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది లేరు. ఢిల్లీ మీద ఉన్న కోపాన్ని ఓడ దిగిన జవాను మీద చూపించడం తప్పే, నాయకుణ్ని అడగాల్సిన ప్రశ్నకు సిపాయిని బాధ్యుణ్ని చేయడం అది. దీనికి సాకు చెప్పను.

కానీ ఒక మాట వినండి. ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవడం మీ డ్యూటీ, ఎందుకు అని అడిగే వీలు మీకు లేదు. మీ బదులు అడిగేవాడు ఊళ్లో ఉండాలా వద్దా? శాంతి కోసమని పోయిన సేన తుపాకీ పట్టాల్సి వస్తే ఏం చేయాలి, ఎన్ని రోజులు, తిరిగొచ్చేది ఎప్పుడు అన్నవి 1987 జూలైలోనే గట్టిగా అడిగి ఉంటే మీకే మేలయ్యేదని నా నమ్మకం.

అడిగితే ఏమవుతుందో ఇరాక్ సంగతే చెబుతా. 2003లో మన సైన్యాన్ని కూడా అక్కడికి పంపమని అమెరికా అడిగింది. అప్పటికే ఏప్రిల్‌లో మన పార్లమెంటు ఆ దాడికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. పంపాలా వద్దా అని పేపర్లలో, పార్టీల్లో వారాల తరబడి గొడవ నడిచింది. చివరికి జూలై 14న వాజ్‌పేయి ప్రభుత్వం, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపలేమని చెప్పింది. పరకాల, ములుగు, భూపాలపల్లి పిల్లలు ఎంతమంది ఆ ఎడారికి పోకుండా ఇంట్లో ఉన్నారో.

మనోధైర్యం అన్నారు కదా. 2004 డిసెంబర్‌లో అమెరికా రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ కువైట్‌లో ఇరాక్‌కు పోబోయే సైనికులతో మాట్లాడటానికి వచ్చాడు. ఒక సైనికుడు లేచి, మా బండ్లకు కవచం కోసం చెత్తకుప్పల్లో తుప్పు పట్టిన ఇనుప రేకులు, పగిలిన అద్దాలు ఏరుకోవాల్సి వస్తోంది, ఎందుకు అని అడిగాడు. ఆ ప్రశ్న తయారుచేయడంలో ఒక విలేకరి చేయి ఉందని తర్వాత బయటపడింది, అది వేరే సంగతి, ఎందుకంటే హాలు నిండా చప్పట్లు కొట్టింది విలేకరులు కాదు, సైనికులు. ఉన్న సైన్యంతోనే యుద్ధానికి పోతాం, కోరుకున్న సైన్యంతో కాదు అన్నట్టు జవాబిచ్చాడు మంత్రి. ఆ జవాబు మీద దేశమంతా దుమారం లేచింది, తర్వాత కవచాల తయారీ వేగం పెంచారు. సిపాయి ధైర్యం తగ్గించింది ఆ ప్రశ్నా, ఆ తుప్పు రేకా, మీరే చెప్పండి.

ఇంకోటి కూడా ఉంది, ఇది మన తప్పు. కార్గిల్ తర్వాత ఏం జరిగిందో తేల్చడానికి సుబ్రహ్మణ్యం కమిటీ వేశారు, నివేదిక పార్లమెంటు ముందు పెట్టారు. 1962 ఓటమి మీద సైన్యమే రాసుకున్న హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ఏ ప్రభుత్వమూ అధికారికంగా విడుదల చేయలేదు, ఏ పార్టీ వచ్చినా అంతే. అడగనివాడికి పెట్టేవాడు ఎవడు.

ప్రశ్న: మా బాబు న్యూజెర్సీలో హెచ్-1బి మీద ఉన్నాడు. యుద్ధానికి వ్యతిరేకంగా ఊరేగింపు ఉంటే పోతానంటాడు, ఫేస్‌బుక్‌లో రాస్తానంటాడు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. వాడికి నచ్చజెప్పండి. — ఒక అమ్మ, కరీంనగర్

జవాబు: అమ్మా, ఈ విషయంలో మీ వైపే నేను, పూర్తిగా కాకపోయినా. అమెరికా రాజ్యాంగంలో మాట్లాడే హక్కు పౌరులకు మాత్రమే అని రాసిలేదు. కానీ వీసా ఇచ్చేది, పొడిగించేది రాజ్యాంగం కాదు, కౌంటర్ వెనుక ఆఫీసరు. 2025 జూన్‌లో విద్యార్థి వీసాలకు పెట్టుకునేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టాలని అన్నారు. పైన డాలస్ అల్లుడున్నాడు చూడండి, అతనికి ఓటుంది, అక్కడి నాయకుణ్ని అడిగే బాధ్యత ముందు అతనిది. మీ వాడిది ఇంకా అతిథి హోదా. కాగితాలు చేతికొచ్చేదాకా జాగ్రత్తగా ఉండటం పిరికితనం కాదు. ఊరేగింపుకు పోయే ముందు అక్కడ మంచి ఇమ్మిగ్రేషన్ లాయరును ఒక గంట కలవమనండి. వాడు మనసులో ఏం అనుకోవాలో మాత్రం మీరు చెప్పకండి, రాత్రి పదింటికి ఫోన్ చేసి మీతో వాదించుకోనివ్వండి, ఎవరో ఒకరితో వాదించాలి కదా.

ప్రశ్న: నేను 1990లో కువైట్‌లో మేస్త్రీ పని చేసేవాడిని. సద్దాం వచ్చాక అమ్మాన్ మీదుగా ఇంటికొచ్చాను. సూట్‌కేసు, ఆరు నెలల జీతం అక్కడే పోయాయి. మీరందరూ బుష్ గురించి మాట్లాడతారు, సద్దాం వెనుక నిలబడ్డ జనం గురించి ఒక్కరూ మాట్లాడరు. — మెట్‌పల్లి

జవాబు: నిజమే, మాట్లాడం. 2002 అక్టోబర్ 15న ఇరాక్‌లో రెఫరెండం పెట్టారు, సద్దాం ఇంకో ఏడేళ్లు ఉండాలా వద్దా అని. ఓటర్లు కోటీ పద్నాలుగు లక్షల పైచిలుకు. అధికారికంగా ప్రకటించిన లెక్క ప్రకారం నూటికి నూరు శాతం అవునన్నారు. ఒక్కడు, కనీసం తాగి వచ్చినవాడు కూడా, కాదని టిక్ పెట్టలేదట. ఆరు నెలలు తిరగకుండా 2003 ఏప్రిల్ 9న బాగ్దాద్ చేయి జారింది, ఫిర్దౌస్ స్క్వేర్‌లో ఆయన విగ్రహాన్ని పడగొడుతుంటే చుట్టూ చేరినవాళ్లలో ఆ నూటికి నూరులో ఎంతమంది ఉన్నారో ఎవరు లెక్కపెట్టారు. వెనుక ఎవరు నిజంగా ఉన్నారో తెలుసుకునే దారి సద్దాంకు కూడా లేకుండా పోయింది, అడిగేవాళ్లందరినీ ఆయనే లేకుండా చేసుకున్నాడు కాబట్టి.

మీరు వచ్చిన ఆ విమానాల సంగతి కూడా ఈ పిల్లలకు తెలియదు. 1990 ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా రెండు నెలల్లో లక్షా డెబ్బై వేల మందిని ఎయిర్ ఇండియా విమానాలు తీసుకొచ్చాయి. అంతా అయిపోయాక 1991 జనవరిలో యుద్ధం మొదలైంది, అమెరికా విమానాలకు బొంబాయిలో ఇంధనం పోయనిచ్చారని తెలిసి ఇక్కడ పెద్ద గొడవైంది. చంద్రశేఖర్ ప్రభుత్వానికి బయటి నుంచి మద్దతిస్తున్న కాంగ్రెసే అభ్యంతరం చెప్పింది, ఫిబ్రవరిలో ఆ ఇంధనం ఆపేశారు. మన ప్రధాని నిర్ణయాన్ని మనవాళ్లే యుద్ధం నడుస్తుండగా మార్పించారు, దేశం ఏం మునిగిపోలేదు.

మీ ఉత్తరం పోస్టుకార్డు మీద రాసి పంపారు, జోర్డాన్ సరిహద్దులో గుడారాల్లో ఎన్నాళ్లున్నారు, నీళ్లెలా, రొట్టెలెవరిచ్చారు, జగిత్యాల కోరుట్ల వాళ్లు ఇంకెవరైనా కలిశారా, ఏమీ రాయలేదు. తీరిక చేసుకుని నాలుగు కాగితాలు రాసి పంపండి. అచ్చేస్తాం.